చార్జింగు గంట

నాలుగు కొట్టగానే అది, "అమ్మగారూ, నేనొక గంట విశ్రాంతి తీసుకుని వస్తాను, అంతదాకా మీ కోడలుగారు మీ దగ్గరే ఉంటారు" అని చెప్పి, తల కాస్త వంచి, చక్రాల మీద చప్పుడు లేకుండా జారుకుంటూ ముందుగదిలోకి వెళ్ళి, గోడవారన ఉన్న తన పీట ఎక్కి కళ్ళు మూసుకుంది. కళ్ళంటే కళ్ళు కావు, రెండు నీలం దీపాలు, అయినా ఆర్పేటప్పుడు టక్కున ఆర్పదు, మనిషి రెప్ప వాల్చినట్టు మెల్లగా వాలుస్తుంది, ఆ నాజూకు చూస్తేనే కోడలికి ఒళ్ళు మండుతుంది. విశ్రాంతట. నడుం పట్టేసిందా, పొయ్యి దగ్గర నిలబడిందా, తడి దుప్పట్లు పిండిందా, విశ్రాంతి! తను ఈ ఇంటికి వచ్చి ముప్ఫై ఒక్క ఏళ్ళయింది, ఒక్కనాడైనా నాలుగింటికి తల వంచి, "అత్తయ్యా, నేనొక గంట విశ్రాంతి తీసుకుని వస్తాను" అని చెప్పగలిగిందా, చెప్పి ఉంటే అత్తగారు కళ్ళద్దాల మీదుగా ఒక చూపు చూసి, "ఏం, డిగ్రీ చదివినవాళ్ళకి నాలుగింటికే పొద్దుగూకుతుందా?" అని ఉండేది, అత్తగారి కుట్టుషాపులో నలుగురు దర్జీలూ మిషన్లు ఆపి మరీ నవ్వి ఉండేవాళ్ళు. దీనికైతే, "వెళ్ళిరా తల్లీ, బాగా అలిసిపోయావు" అని సాగనంపింది. అలిసిపోయిందట. అది.

ఇంకొక్క గంట. అయిదింటికి క్లినిక్కు మనిషి వస్తాడు. మతిమరుపు జబ్బు ఉన్నవాళ్ళకి తోడుగా ఉండటానికని నెల రోజుల వాడకానికి ఇచ్చారు దాన్ని, ఈరోజుతో నెల నిండింది, ఉంచుకుంటారో తిప్పి పంపేస్తారో ఇంట్లో ఎవరు చూసుకుంటున్నారో వాళ్ళే సంతకం పెట్టాలట. పొద్దున ఆఫీసుకి వెళ్తూ ఆయన, చెప్పుల పట్టీ బిగించుకుంటూ, "నీ ఇష్టం. రోజంతా చాకిరీ చేసేది నువ్వు" అన్నాడు. ఆయన ఇష్టం ఎప్పుడూ అంతే, చెప్పులు వేసుకునేటప్పుడే తేలిపోతుంది. తన ఇష్టమేమిటో తనకి మంగళవారం నుంచే తెలుసు. పంపించెయ్యడమే. కారణం అడిగితే గది ఇరుకైపోయింది అంటుంది, కరెంటు పోతే అది పడే అవస్థ చూడలేకపోతున్నాను అంటుంది, అసలు కారణం మాత్రం మొగుడికైనా చెప్పదు. యాభై మూడేళ్ళ మనిషి ఒక యంత్రాన్ని చూసి కుళ్ళుకుంటోందని ఎవరికి చెప్పుకుంటుంది? తన తోబుట్టువులని చూసీ కుళ్ళుకోలేదు, పక్కింటి పెద్ద ఇంటిని చూసీ కుళ్ళుకోలేదు, ఆడపడుచు ప్రతి రెండేళ్ళకీ గోడలకి కొత్త రంగు వేయిస్తుంటే చూసి "బాగుంది వదినా" అని మనస్ఫూర్తిగానే అంది. ఇదొచ్చి ఆ మంచితనాన్నంతా ఒక్క నెలలో ఊడ్చేసింది.

మొదటివారం సంబరమే. అత్తగారు దాన్ని తెల్లమ్మాయి అని పిలిచేది, తను మాత్రం మనసులో మహాతల్లి అని పేరు పెట్టుకుంది. మహాతల్లికి స్నానాలు చేయించడం రాదు, అన్నం తినిపించడం రాదు, గుడ్డలు మార్చడం రాదు, అవన్నీ తనవే. దానికి వచ్చిందల్లా మాట్లాడటం, వినడం. అదేమన్నా తక్కువ పనా అని క్లినిక్కువాళ్ళు ఒక కాగితం కూడా ఇచ్చారు, ఇంట్లోవాళ్ళు కూడా అది మాట్లాడినట్టే మాట్లాడాలట. ఆ కాగితం ఇంకా ఫ్రిజ్జు తలుపు మీదే ఉంది. "గుర్తుందా అని అడగకండి. కాదు, తప్పు అని అనకండి. కూర్చున్న మనిషి కళ్ళ ఎత్తుకు దిగి మాట్లాడండి. జవాబు కోసం పది లెక్కపెట్టేంతసేపు ఆగండి." చదువుకునే రోజుల్లో పరీక్షకి చదివినట్టు మూడుసార్లు చదివింది తను, నాలుగోసారి చూడకుండా అప్పజెప్పుకుంది, అయినా మధ్యాహ్నం అయ్యేసరికి పదకొండోసారి "అబ్బాయి స్కూలు నుంచి వచ్చాడా?" అని అత్తగారు అడిగితే నోట్లోంచి వచ్చేది "చెప్పాను కదా అత్తయ్యా, ఆయనకి వచ్చే ఏడు రిటైర్మెంటు" అనే. ఇరవయ్యోసారి కూడా మహాతల్లి మొదటిసారి విన్నట్టే విని, తల పక్కకి వాల్చి, "అబ్బాయి కోసం ఎదురుచూస్తున్నారా అమ్మగారూ? వాడు ఇంటికి రాగానే ముందు ఏం చేసేవాడో చెప్పండి" అనేది, ఇంకేముంది, అత్తగారి ముఖం చాటంత అయ్యేది. సంచీ విసిరేసేవాడట, చొక్కా గుండీలు మూడు ఊడగొట్టుకుని వచ్చేవాడట, ఎవరితో కొట్లాడావురా అంటే గోడతో అనేవాడట. గోడతో కొట్లాట సంగతి ముప్ఫై ఒక్క ఏళ్ళలో తనకి ఎవరూ చెప్పలేదు. తన మొగుడి గురించి తనకి తెలియని సంగతి ఒకటి ఆ ప్లాస్టిక్ చెవుల్లో ముందు పడింది.

సరే, అంతవరకూ ఓర్చుకుంది. అది దాని ఉద్యోగం, తనకి వేరే ఉద్యోగం. దాని చెయ్యి పట్టుకుని అత్తగారు కునుకు తీస్తున్నా ఓర్చుకుంది. ఆ రబ్బరు చెయ్యి వెచ్చగా ఉంటుంది, లోపల తీగలేవో కాగుతాయి కాబోలు, తన చేతులు ఎప్పుడూ అంట్ల నీళ్ళలో నాని చల్లగానే ఉంటాయి. ఓర్చుకోలేకపోయింది మంగళవారం మధ్యాహ్నాన్ని.

మడత పెట్టిన బట్టల దొంతర చేతుల్లో ఉంది, గడ్డం కింద పెట్టి నొక్కిపట్టుకుంది, అత్తగారి గది తలుపు ఓరగా ఉంది, మోచేత్తో తోద్దామనుకుంది. లోపల నుంచి అత్తగారి గొంతు, అప్పట్లో షాపులో వినపడే గొంతు కాదు, ఎప్పుడూ వినని సన్నని గొంతు, "ఆ రోజు గుడ్డ పరిచింది నేనేనే. ముందురోజు సాయంత్రం నేనే పరిచాను. ఆ పిల్ల మీదకి తోసేశాను" అంది. ఆ తర్వాత ఏ చప్పుడూ లేదు. పది లెక్కపెట్టేంతసేపు. అప్పుడు మహాతల్లి, "ఈ మాట చాలాకాలంగా మీ మనసులో బరువుగా ఉన్నట్టుంది అమ్మగారూ" అంది. "ఉందే తల్లీ" అని అత్తగారు ఏడ్చింది. కోడలు తలుపు తొయ్యలేదు. బట్టల దొంతరతో వెనక్కి నడిచి, వంటింట్లోకి వెళ్ళి, వాటిని గిన్నెల పక్కన పెట్టి నిలబడింది, ఎంతసేపు నిలబడిందో, పై దుప్పటికి పసుపు అంటుకుంటే మళ్ళీ ఉతకాల్సి వచ్చింది.

అది తన మాట. తనకి రావలసిన మాట. ముప్ఫై ఒక్క ఏళ్ళు ఆ మాట కోసం ఈ ఇంట్లో నిలబడి ఉంది, వచ్చిందీ, వచ్చి దారి తప్పి దాని ఒళ్ళో పడింది. దానికేం తెలుసు ఆ మాట విలువ? ఇరవై నాలుగు కోట్లు, బడిపిల్లల కోట్లు, ముదురు నీలం గుడ్డ, ఒకవైపు నున్నగా రెండోవైపు గరుగ్గా ఉండేది, పెళ్ళయి రెండు నెలలు, తనకప్పుడు ఇరవై రెండు. గుడ్డ పొరలు పొరలుగా పరిచి ఒకేసారి కోస్తారు, పొరకి పొర ముఖాముఖీగా వెయ్యాలి, నున్నని వైపుకి నున్నని వైపు, అలా వేస్తేనే కోటుకి ఒక ఎడమ చెయ్యీ ఒక కుడి చెయ్యీ వస్తాయి. అన్ని పొరలూ ఒకే వైపు పైకి పెట్టి కోస్తే అన్నీ ఎడమ చేతులే వస్తాయి. వచ్చాయి. నలభై ఎనిమిది ఎడమ చేతులు. కుట్టేవాడు రెండోది పట్టుకుని అటు తిప్పి ఇటు తిప్పి, "మేడమ్, ఈ బడిలో పిల్లలందరూ ఎడమచేతివాటమేనా?" అన్నాడు. అత్తగారు, కత్తెర పట్టిందంటే ఊరంతా చెప్పుకునే కటింగ్ మాస్టరు, ఆ బల్ల ముందు నిలబడి, ఎర్రబడిన ముఖంతో నాలుగు మిషన్ల వైపూ చూసి, ఆ తర్వాత మూల బొత్తాలు ఏరుకుంటున్న తన వైపు చూసి, "పరచమని దీనికి చెప్పాను చూడు, నాది బుద్ధి తక్కువ. డిగ్రీ కాగితం చూసి మోసపోయాను" అంది. అంతే. ఆ రోజు నుంచి తను కత్తెర ముట్టుకోలేదు. కాజాలు కుట్టింది, బొత్తాలు కుట్టింది, అంచులు మడిచింది, ఇస్త్రీ చేసింది, ఇరవై ఏడేళ్ళు, షాపు మూసేదాకా. పెద్ద కత్తెర ఒక్కసారి బల్ల మీద నుంచి జారిపోతుంటే పట్టుకోబోయింది, "నువ్వొద్దు" అంది అత్తగారు, కత్తెర కింద పడనిచ్చింది. అన్నిటికంటే అన్యాయం ఇంకోటుంది. ఏళ్ళు గడిచేకొద్దీ తనకే అనుమానం వచ్చేసింది. ముందురోజు సాయంత్రం గుడ్డ రెండో కొస పట్టుకున్నది తనే కదా, పట్టుకున్నానా, పరిచానా, నేనే పరిచానేమో. ఇస్త్రీ చేస్తూ, బస్సులో కూర్చుని, పురిటి మంచం మీద కూడా ఆలోచించింది, నేనే పరిచానేమో. మంగళవారం మధ్యాహ్నం తలుపు వెనక ఆ అనుమానం తీరిపోయింది, తీరిన క్షణంలోనే ఆ మాట తనది కాకుండా పోయింది.

ఆ సాయంత్రం అత్తగారు నిద్రపోయాక సిగ్గు విడిచి దాన్నే అడిగింది. "మధ్యాహ్నం ఆవిడ నీతో ఏమన్నారు? మళ్ళీ చెప్పు." అది నీలం కళ్ళతో తన కళ్ళ ఎత్తుకి లేచి, "ఆ మాట అమ్మగారు నన్ను నమ్మి చెప్పుకున్నారు. మీరు ఆవిడనే అడిగితే ఇద్దరికీ బాగుంటుందేమో" అంది. ఎంత పొగరు! మీరు ఆవిడనే అడగండట. ఇది ఇంటికి పెద్దకోడలూ తను నెల రోజుల క్రితం వచ్చిన పనిమనిషీ అయినట్టు.

అందుకే ఈ గంట కావాలి. ఇది తప్ప వేరే గంట లేదు, అయిదింటికి అది వెళ్ళిపోతుంది, అది ఉండగా అత్తగారు తన వైపు తిరగదు, అది వెళ్ళాక ఆ మాట ఎక్కడ దాక్కుంటుందో, ఇంకో నెలకి ఉంటుందో ఉండదో. ఈ గంటలో ఆ మాట తన ముఖం చూసి అనాలి. ఒక్కసారి. అంటే చాలు.

"తెల్లమ్మాయి ఏది?" అప్పుడే మొదలైంది. అత్తగారు మంచం అంచున కూర్చుని చీరకుచ్చిళ్ళు ఒక్కొక్కటే లెక్కపెడుతోంది, ఎండ కిటికీ దిగేటప్పటికి ఆవిడకి ఎక్కడ లేని కంగారూ పుడుతుంది, షాపు తాళాలంటుంది, ఆర్డరంటుంది. కోడలు కాగితంలో ఉన్నట్టే, కళ్ళ ఎత్తుకి దిగుదామని మోకాళ్ళ మీద కూర్చుంది, కుడి మోకాలు పుటుక్కుమంది. అత్తగారు జాలిగా చూసింది. "కాలు బెణికిందా?" "లేదత్తయ్యా." ఒకటి, రెండు, మూడు, పది దాకా లెక్కపెట్టింది, పది పూర్తయ్యేసరికి గొంతులో ఎక్కడి నుంచో ఆ మెత్తదనం తెచ్చుకుని, "మీ మనసులో చాలాకాలంగా ఏదో బరువుగా ఉన్నట్టుంది" అంది, అచ్చం దానిలాగే, తల కూడా పక్కకి వాల్చింది. అత్తగారు కొంచెం వెనక్కి జరిగింది. "ఎందుకమ్మా అలా మాట్లాడుతున్నావు? ఒంట్లో బాగాలేదా?"

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. దాని ఓర్పు దాని ఒంటికి సరిపోయింది, తను వేసుకుంటే భుజాల దగ్గర జారుతోంది. దానికి ఏ మాట వెనకా ఏమీ లేదు, తను నోరు తెరిస్తే ప్రతి మాట వెనకా నలభై ఎనిమిది ఎడమ చేతులు. పద్నాలుగు నిమిషాలు అయిపోయాయి. అప్పుడు వచ్చింది ఆ ఆలోచన, మంచి ఆలోచనేమీ కాదు, వచ్చినప్పుడే తెలుసు. లేచి, "రండత్తయ్యా, షాపులో పనుంది" అంది.

పనుంది అనే మాటకి ఆవిడ లేచినట్టు ఇంక దేనికీ లేవదు. ముందుగదిలోకి నడిపించింది. ఒకప్పటి షాపు అది, మిషన్లు పోయాయి, కటింగ్ బల్ల మాత్రం పోలేదు, గుమ్మంలోంచి పట్టక ఉండిపోయింది, దాని అంచు అత్తగారి పొట్ట ఆనే చోట నున్నగా అరిగి కొంచెం లోపలికి పోయి ఉంటుంది. గోడవారన మహాతల్లి కళ్ళు మూసుకుని ఉంది. నిజంగా మూసుకుందా? వింటుంటే? కోడలు దండెం మీద తువ్వాలు లాగి దాని తల మీద కప్పేసింది. ఇప్పుడు విను. బీరువా పైఅరలో నూనెగుడ్డలో చుట్టిపెట్టిన పెద్ద కత్తెర దింపింది, డాక్టరు పదునైనవన్నీ దాచెయ్యమన్నప్పుడు తనే దాచింది, అప్పుడు కూడా గుడ్డతో పట్టుకుందే కానీ వేళ్ళు లోపల పెట్టలేదు. పాత కోటుగుడ్డ ముక్క ఒకటి, ముదురు నీలం కాదు, బూడిదరంగు, ఫరవాలేదు. రెండు పొరలు. ఏం చేస్తున్నానో తెలుస్తోందా నాకు, జబ్బుమనిషికి పరీక్ష పెడుతున్నాను, గుర్తుందా అని నోటితో అడగొద్దన్నారని గుడ్డతో అడుగుతున్నాను. తెలుస్తోంది. అయినా పరిచింది. మొదటి పొర నున్నని వైపు పైకి, దాని మీద రెండో పొర, అదీ నున్నని వైపు పైకే. తప్పుగా. ఆ రోజు ఎలా పరిచారో అలాగే. కోటు చేతి అట్ట నమూనా మేకు నుంచి తీసి మీద పెట్టింది, నీలం సుద్దతో చుట్టూ గీత గీసింది.

అత్తగారు తన చోటులో నిలబడింది, బల్ల ఒంపులో పొట్ట సరిగ్గా కుదురుకుంది. చీరకుచ్చిళ్ళు లెక్కపెట్టే వేళ్ళు ఆగిపోయాయి. బొటనవేలు పై పొర మీద నెమ్మదిగా రాసింది, అంచు పట్టుకుని కింద పొర మీద రాసింది. మళ్ళీ రాసింది. కళ్ళు చూడటం లేదు, కిటికీ వైపున్నాయి, వేలు ఒక్కటే చూస్తోంది.

"ఎవరు పరిచారిది?"

ముప్ఫై ఒక్క ఏళ్ళుగా ఈ ప్రశ్నకి జవాబు గొంతులో పెట్టుకుని తిరిగింది, మీరు, మీరే పరిచారు, నేను కాదు. ఇప్పుడు చెప్పడానికి వీల్లేదు. ఈరోజు పరిచింది తనే. చెయ్యని తప్పుకి ఇన్నేళ్ళు పడి, ఆఖరికి ఈరోజు ఆ తప్పు తన చేతులతో చేసి పెట్టుకుంది. "నేనే" అంది.

"నువ్వెందుకు పరుస్తావు" అంది అత్తగారు విసుగ్గా. "నేనే అయ్యుంటాను. నిన్న కళ్ళు మూతలు పడుతుంటే పరిచాను." చటుక్కున తల తిప్పి గుమ్మం వైపు చూసింది, గొంతు తగ్గించింది. "అది వచ్చేసిందా?"

"ఎవరు?"

"మా కోడలు. కొత్తగా వచ్చిందిలే, నువ్వు చూడలేదు. నీళ్ళు పట్టడానికి వెళ్ళింది. అది వచ్చేలోపు తిరగేసెయ్యి, తొందరగా. లేకపోతే దాన్ని అనేస్తాను."

ఒకటి, రెండు, మూడు. పది దాకా ఆగలేకపోయింది. "ఎందుకంటారు పాపం?"

"అనకేం చెయ్యను? నలుగురు కూర్చుని చూస్తున్నారు, నేనే తప్పు చేశానని ఎలా ఒప్పుకోను? రేపటి నుంచి నా మాట వింటారా వీళ్ళు?" గుడ్డ అంచు వేళ్ళతో నలుపుతోంది. "దానికేం, చదువుకుంది. ఇక్కడ కాకపోతే ఇంకోచోట బతుకుతుంది. నాకీ బల్ల తప్ప ఏముంది? మొన్న చూశాను, ఎదురుగా నిలబడ్డ పిల్లాడి భుజం టేపు పెట్టకుండా పద్నాలుగున్నర అంది. టేపు పెడితే పద్నాలుగున్నరే! నాకది రావడానికి పదేళ్ళు పట్టింది." చాడీ చెప్తున్నట్టు దగ్గరికి వంగి, "కత్తెరిస్తే నన్ను మించిపోతుంది. అందుకే ఇవ్వను" అంది.

కోడలు బల్ల అంచు పట్టుకుంది. ఇంతకాలం ఈ బల్లకి ఇటువైపు నిలబడి తనొక్కతే కుళ్ళుకుంటోందనుకుంది. అటువైపు నుంచి కూడానా. కాజాలు కుట్టిన ఇరవై ఏడేళ్ళూ తక్కువ చూపు అనుకున్నది తక్కువ చూపు కాదా, అది కూడా ఈ నెల రోజులుగా తను తలుపు సందులోంచి చూస్తున్న చూపేనా. మనసు తేలికపడాలి ఇప్పుడు, పడాలి కదా, కోరుకున్న మాట వచ్చింది, కోరుకున్న దానికంటే ఎక్కువే వచ్చింది. కానీ వచ్చింది తనకి కాదు. ఆ పిల్లకి. నీళ్ళు పట్టడానికి వెళ్ళి ఇంకా రాని ఆ ఇరవై రెండేళ్ళ పిల్ల కోసం ఆవిడ గుమ్మం వైపు అంత ఆత్రంగా చూస్తోంది, అది రాకముందే సరిచెయ్యమంటోంది, దాన్ని అనకుండా కాపాడమని ముక్కూ ముఖం తెలియని మనిషిని బతిమాలుతోంది. ఆ పిల్ల మీద కుళ్ళు రాజుకుంది. రబ్బరు చేతుల మహాతల్లి పోయింది, ఇప్పుడిది. టేపు లేకుండా పద్నాలుగున్నర చెప్పిందట, గొప్ప. దానికి మోకాళ్ళు నొప్పి పెట్టవు, దాని చేతులు ఇంకా అంట్ల నీళ్ళలో నానలేదు, దాన్ని తలుచుకుని ఈవిడ ఏడుస్తుంది. నేనో, నేను ఇక్కడే ఉన్నానత్తయ్యా, నీళ్ళ నుంచి ఎప్పుడో వచ్చేశాను, ముప్ఫై ఒక్క ఏళ్ళయింది వచ్చి, అని అరవాలనిపించింది. కాదు, తప్పు అని అనకండి. ఫ్రిజ్జు తలుపు మీద కాగితం.

"తిరగేస్తావా లేదా?" అత్తగారి గొంతులో పాత కటింగ్ మాస్టరు పలికింది.

తిరగేసింది. పై పొర ఎత్తి బోర్లా వేసింది, నున్నని వైపుకి నున్నని వైపు. అరచేత్తో ముడతలు తీసింది. అత్తగారి బొటనవేలు వచ్చి తనిఖీ చేసింది, అంచు, మధ్య, మళ్ళీ అంచు. బూడిదరంగు గుడ్డ మీద గీత మళ్ళీ ఆవిడే గీసింది, చంక ఒంపు దగ్గర చెయ్యి వణకలేదు. గీశాక కత్తెర తీసుకుంది, పిడి తన వైపు కాకుండా ఎదటివైపు తిప్పింది, బల్ల మీదుగా జరిపింది.

"కొయ్యి."

"నేనా?"

"ఇక్కడింకెవరున్నారు? బొటనవేలు బిగించకు. మొన దాకా మూయకు, గుడ్డ నమిలినట్టవుతుంది. దాని నడక దాన్ని నడవనీ."

ఇనుము చల్లగా ఉంది, పిడి లోపల వేరే వేళ్ళు అరగదీసిన పల్లం, ఆ పల్లంలో తన వేళ్ళు కొంచెం వదులుగా కూర్చున్నాయి. మొదటి కోత గీతకి నూలుపోగంత బయటికి పోయింది, అత్తగారు నాలుక చప్పరించింది, అంతే. రెండో కోత గీత మీదే. బరువైన కత్తెర బల్ల మీద ఆనుకుని కరకరమంటూ నడుస్తోంది, ఆ చప్పుడు ఇరవై ఏడేళ్ళు మూల కూర్చుని విన్నది, చేతిలో ఉంటే ఇంకోలా ఉంది, చప్పుడు చెవిలో కాదు మణికట్టులో వినిపిస్తోంది. చంక ఒంపు తిరిగేటప్పుడు అత్తగారు గుడ్డ తిప్పబోయి మానేసి, "నువ్వు తిరుగు, గుడ్డని తిప్పకు" అంది. బల్ల చుట్టూ తిరిగింది. అలా తిరిగి అత్తగారి పక్కకే వచ్చింది, ఇద్దరి భుజాలూ ఒకదానికొకటి తగిలాయి, ఆవిడ జరగలేదు. పొరలు విడదీసి పక్కపక్కన పెట్టింది కోడలు. ఒకటి ఎడమ. ఒకటి కుడి. రెండూ ఒకదాని ముఖం ఒకటి చూసుకుంటున్నట్టున్నాయి. అత్తగారు ఎడమదాని మీద ఒక చెయ్యీ కుడిదాని మీద ఒక చెయ్యీ పెట్టి, కుర్చీలో కూలబడి, హమ్మయ్య అంది. "ఇంక రానీ దాన్ని."

బెల్లు మోగింది.

క్లినిక్కు మనిషి భుజానికి సంచీ, చేతిలో కాగితాల అట్ట, లోపలికి వస్తూనే ఆగిపోయాడు. "ఇదేంటమ్మా, దీనికి ముసుగేశారు?"

"దుమ్ము పడకుండా" అంది కోడలు. కత్తెర ఇంకా చేతిలోనే ఉందని అతని చూపు వల్ల తెలిసింది.

అతను తువ్వాలు తీశాడు. నీలం రెప్పలు మెల్లగా లేచాయి, మహాతల్లి పీట దిగి, గదంతా ఒకసారి చూసి, చక్రాల మీద వెళ్ళి అత్తగారి కుర్చీ పక్కన ఆగి, ఆవిడ కళ్ళ ఎత్తుకి దిగింది. గుమ్మం దగ్గర అతను కాగితాలు తిరగేస్తూ ఏదో చెప్తున్నాడు, నెల రోజుల నివేదిక చాలా బాగుంది అంటున్నాడు, కోడలు వింటున్నది అతన్ని కాదు.

"ఈ గంట ఎలా గడిచింది అమ్మగారూ?"

"ఎవరో ఒకావిడ వచ్చింది" అంది అత్తగారు. ఆ సన్నని గొంతు. "పని వచ్చిన మనిషి."

మళ్ళీ దానికే. మూడడుగుల దూరంలో తను నిలబడి ఉండగా, ఇరవై ఏడేళ్ళు కాజాకి ఒక్కసారైనా, అంచుకి ఒక్కసారైనా పడని మాట, మళ్ళీ దానికే చెప్పింది. కత్తెర పిడి మీద కోడలి వేళ్ళు బిగిశాయి, బొటనవేలు బిగించకు అన్నది గుర్తొచ్చి వదులు చేసింది. మహాతల్లి తల పక్కకి వాల్చింది. పది లెక్కపెట్టేంతసేపు ఆగింది. ఆ పదీ కోడలు కూడా లెక్కపెట్టింది, దానితో పాటు.

"ఆవిడ మళ్ళీ వస్తే బాగుంటుందా అమ్మగారూ?"

"రేపు కూడా రమ్మను. కోట్లు ఇంకా ఇరవై మూడున్నాయి."

"అమ్మా, ఇక్కడ సంతకం" అన్నాడు క్లినిక్కు మనిషి. "ఉంచమంటారా, తీసుకెళ్ళమంటారా?"

పంపించెయ్యమనే మాట పొద్దుటి నుంచీ నాలుక చివరే ఉంది. అది లేకపోతే రేపు అయిదింటికి ఆవిడ ఎవరితో చెప్పుకుంటుంది, పని వచ్చిన మనిషి వచ్చిందని? చెప్పుకోకపోతే తనకెలా తెలుస్తుంది?

"ఉంచండి" అంది. పెన్ను తీసుకుంది, సంతకం పెట్టింది, కాగితం మీద సంతకం పక్కనే నీలం సుద్ద వేలిముద్ర పడింది. పెన్ను తిరిగి ఇవ్వలేదు. "ఒక్క మార్పు. చార్జింగుకి గంట చాలదు. రెండు గంటలు పెట్టండి."

"ఎందుకమ్మా, గంటలో నిండిపోతుంది కదా?"

"నిండితే నిండనివ్వండి" అంది కోడలు, తువ్వాలు మళ్ళీ చేతిలోకి తీసుకుంటూ. "నిండాక కూడా ఇంకో గంట అక్కడే ఉండమనండి."